చుట్టీ కాగితం: గల్ఫ్ నుంచి ఊరొచ్చిన మనిషి మళ్ళీ వెళ్ళాలంటే

ఐ.పోలవరం మండలంలో మా పేటకి సౌదీ నుంచి ఒక అత్త వచ్చింది. వాళ్ళమ్మ చనిపోయింది. రియాద్‌లో ఒక ఇంట్లో ఆరేళ్ళుగా పని చేస్తోంది. దినం అయ్యాక నెలన్నర ఉండి వెళ్ళిపోదామని లెక్క. వెళ్ళాల్సిన వారం ముందు నన్ను పిలిచి, "ఒరేయ్ అబ్బాయ్, నువ్వు పెద్ద చదువులు చదువుతున్నావు కదా, ఇది సరిగ్గా ఉందో లేదో చూసిపెట్టరా" అని ఫోన్ చేతిలో పెట్టింది. వచ్చేముందు వాళ్ళ సార్ ఫోన్ తెరని తను ఫొటో తీసుకుందట. మొత్తం అరబ్బీ. నా చదువు అక్కడ ఎందుకూ పనికిరాలేదు. పక్క పేటలో పద్నాలుగేళ్ళు దమ్మామ్‌లో డ్రైవర్‌గా చేసి వచ్చిన ఆయన దగ్గరికి వెళ్ళాం. ఆయన ఫొటోని వేళ్ళతో పెద్దది చేసి, కాసేపు చూసి, "అప్పా, ఇది ఔదా కాదు, నిహాయీ" అన్నాడు.

ఆ రెండు మాటలు తెలిసిన పేటల్లో దీనికి వివరణ అక్కర్లేదు. తెలియని విద్యార్థి మిత్రుల కోసం, ఇలాంటి కేసులు చేతిలోకి వచ్చే కార్యకర్తల కోసం ఈ వ్యాసం.

రెండు మాటల తేడా

ఒక దేశంలో ఉద్యోగం మీద నివాస అనుమతితో ఉంటున్న విదేశీయుడు ఆ దేశం దాటి బయటకి వెళ్ళి మళ్ళీ అదే అనుమతి మీద లోపలికి రావడానికి ముందుగా తీసుకోవాల్సిన కాగితాన్ని రీఎంట్రీ పర్మిట్ అంటారు. సౌదీలో దీని పేరు 'ఖురూజ్ వ ఔదా', అంటే పోయి రావడం. 'ఖురూజ్ నిహాయీ' అంటే ఇక పోవడమే. మొదటిదాంట్లో అకామా బతికే ఉంటుంది. రెండోదాంట్లో మనిషి విమానం ఎక్కగానే అకామా చచ్చిపోతుంది. మన అత్త చేతిలో ఉన్నది రెండోది. సార్ సెలవిచ్చాడని ఆమె అనుకుంది. సార్ పని నుంచి తీసేశాడు. ఆ సంగతి ఆమెకి తెలియకుండానే రియాద్ విమానాశ్రయంలో ముద్ర పడిపోయింది.

సౌదీ పద్ధతి తెలుసుకుంటే మిగతా దేశాలవి తేలిగ్గా అర్థమవుతాయి కాబట్టి ముందు దాన్నే చూద్దాం. వీసా రెండు రకాలు. ఒక్కసారికి పనికొచ్చేదానికి రెండు నెలల వరకు 200 రియాళ్ళు, ఆపైన ప్రతి నెలకీ 100. ఎన్నిసార్లయినా వెళ్ళి రాగలిగేదానికి మూడు నెలలకి 500, ఆపైన నెలకి 200. అకామా గడువు లోపలే ఈ వీసా ఉంటుంది. పాస్‌పోర్టుకి కనీసం మూడు నెలల గడువు మిగిలి ఉండాలి. ఊళ్ళో ఉండగా సెలవు పొడిగించాలంటే ఇప్పుడు ఆన్‌లైన్‌లో వీలుంది, కానీ దేశం బయట ఉన్నప్పుడు ఆ పొడిగింపు రుసుము రెట్టింపు.

చాలామంది దెబ్బతినేది ఇంకో చోట. వీసా మీద గడువుని రోజుల లెక్కన ఇస్తే, అరవై రోజులనో తొంభై రోజులనో, ఆ రోజులు దేశం దాటిన నాటి నుంచి మొదలవుతాయి. జారీ చేసిన మూడు నెలల్లోపు బయలుదేరితే చాలు. అలా కాకుండా 'ఫలానా తేదీలోపు తిరిగి రావాలి' అని ఇస్తే, లెక్క జారీ అయిన రోజు నుంచే నడుస్తుంది. వీసా చేతికొచ్చాక టికెట్ ధర తగ్గుతుందని ఇరవై రోజులు ఆగిన మనిషికి ఆ ఇరవై రోజులూ సెలవులోంచే పోతాయి. అరవై రోజులని నమ్మి వచ్చినవాళ్ళకి నలభై రోజులే మిగిలిన సందర్భాలు నేను విన్నాను.

గడువు దాటితే రికార్డులో 'వెళ్ళి తిరిగి రాలేదు' అని పడుతుంది. ఒకప్పుడు అలా పడిన వాళ్ళని మూడేళ్ళపాటు వేరే యజమాని దగ్గరికి రానిచ్చేవారు కాదు. పాత కఫీల్ మళ్ళీ పిలిస్తేనే దారి. 2024 జనవరిలో ఆ మూడేళ్ళ నిషేధాన్ని ఎత్తేశారు. మన పేటల్లో ఏజెంట్లు ఇప్పటికీ ఆ నిషేధం పేరు చెప్పి భయపెట్టి 'క్లియర్ చేయిస్తాం' అంటూ డబ్బు గుంజుతున్నారు. ఈ ఒక్క విషయం నలుగురికీ చెప్పినా కొన్ని వేలు మిగులుతాయి.

మీట ఎవరి వేలి కింద ఉంది?

ఈ వీసాని అబ్షర్ అనే ప్రభుత్వ యాప్‌లో తీస్తారు. 2021 మార్చి 14న సౌదీలో అమల్లోకి వచ్చిన సంస్కరణ ప్రకారం ప్రైవేటు కంపెనీల కార్మికులు యజమాని అనుమతి కోసం ఆగకుండా తామే రీఎంట్రీ వీసా తీసుకోవచ్చు. మన పత్రికల్లో 'కఫాలాకి చరమగీతం' అన్నట్టు వార్తలొచ్చాయి. అయిదు రకాల పనివాళ్ళని అందులోంచి మినహాయించారన్న సంగతి అంతగా ఎక్కలేదు. ఇంటి పనివాళ్ళు, ఇంటి డ్రైవర్లు, తోటమాలులు, గొర్రెల కాపరులు, పొలం పనివాళ్ళు. వీళ్ళకి వీసా తీసేది యజమానే, తన ఫోన్‌లో. ఔదా మీట నొక్కుతాడా, నిహాయీ మీట నొక్కుతాడా అన్నది ఆయన ఇష్టం.

ఆ అయిదు పనుల జాబితాని ఇంకోసారి చదవండి. మా పేటల నుంచి వెళ్ళినవాళ్ళు చేసే పనులు దాదాపు అవే. సౌదీ కార్మిక చట్టం 40వ అధికరణం రీఎంట్రీ వీసా ఖర్చు యజమానే భరించాలంటుంది. ఇంటి పనివాళ్ళు ఆ చట్టం పరిధిలోకే రారు. వాళ్ళకి వేరే నిబంధనలు, అందులో రెండేళ్ళకోసారి నెల రోజుల జీతంతో కూడిన సెలవు.

కువైట్‌ది ఇంకో దారి. అక్కడ విడిగా రీఎంట్రీ వీసా లేదు, నివాస అనుమతి బతికుంటే చాలు. ఆరు నెలలకి మించి బయట ఉంటే అది రద్దవుతుంది. ఇంటి పనివాళ్ళకి, అంటే మనవాళ్ళు 'ఖాదిమ్ వీసా' అనే 20వ నంబరు వాళ్ళకి, 2025 చివర్లో వచ్చిన నిబంధనలతో ఆ గడువు నాలుగు నెలలకి తగ్గింది. అంతకు మించి ఉండాలంటే యజమానే అనుమతి తీసుకోవాలి. 'షూన్ వీసా' అనే 18వ నంబరు కంపెనీ పనివాళ్ళకి 2025 జులై 1 నుంచి ఎగ్జిట్ పర్మిట్ తప్పనిసరి చేశారు. దాన్ని సహెల్ యాప్ ద్వారా అడగాలి, యజమాని ఒప్పుకోవాలి. ఖతార్ 2018లో ఎక్కువమందికి, 2020 జనవరి నుంచి ఇంటి పనివాళ్ళకి కూడా ఎగ్జిట్ పర్మిట్ తీసేసింది. ఇంటి పనివాళ్ళు 72 గంటల ముందు యజమానికి చెప్పాలన్న షరతు మాత్రం ఉంచింది. ఖతార్ ఎత్తేసిన దాన్ని కువైట్ ఏడేళ్ళ తర్వాత తెచ్చి పెట్టింది. దుబాయ్ వైపు ఆరు నెలల నిబంధనే. 2023 నుంచి ఆరు నెలలు దాటినవాళ్ళు కూడా సరైన కారణం చూపించి, ప్రతి 30 రోజులకీ 100 దిర్హాములు కట్టి, రీఎంట్రీ అనుమతి అడగొచ్చు.

అమెరికా సంగతి కూడా ఒక్క మాట. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళు ఏడాదికి మించి బయట ఉండాల్సి వస్తే ఐ-131 అనే దరఖాస్తు పెట్టుకుని రెండేళ్ళ వరకు రీఎంట్రీ పర్మిట్ తీసుకుంటారు. దరఖాస్తు పెట్టే రోజున అమెరికాలో ఉండాలి. యజమాని సంతకం అక్కర్లేదు. సింగపూర్‌లో శాశ్వత నివాసులు కూడా రీఎంట్రీ పర్మిట్ తామే అడుగుతారు. పర్మిట్ పేరు ఒకటే. ఒకచోట అది మనిషికీ ప్రభుత్వానికీ మధ్య వ్యవహారం, ఇంకోచోట మధ్యలో ఇంటి యజమాని నిలబడి ఉంటాడు. మధ్యలో ఇంకొకడు నిలబడడం ఎలా ఉంటుందో వేరే దేశం వెళ్ళి నేర్చుకోవాల్సిన అవసరం మన పేటలకి లేదు.

పదో తరగతి గీత

ఈ మనుషులు ఆ పనులకే ఎందుకు చేరతారో చెప్పాలంటే మన దేశపు కాగితం వైపు రావాలి. 1983 వలసల చట్టం కింద, పదో తరగతి పాస్ కాని వారి పాస్‌పోర్టు సాధారణంగా ఇ.సి.ఆర్. కింద ఉంటుంది. గల్ఫ్ దేశాలతో సహా 18 దేశాలకి పనికి వెళ్ళాలంటే వాళ్ళు ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రంట్స్ అనుమతి తీసుకోవాలి. ఇంటి పనికి వెళ్ళే ఇ.సి.ఆర్. మహిళకి ముప్పై ఏళ్ళు నిండి ఉండాలి. 2016 నుంచి అలాంటి మహిళలని ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలన్నారు. మన రాష్ట్రంలో అది ఓంక్యాప్. రక్షణ కోసం పెట్టిన ఈ నియమాలు ఆచరణలో గేటుగా మారాయి. ఇరవై అయిదేళ్ళ పెళ్ళయిన అమ్మాయి, ఎనిమిదితో చదువు ఆపేసింది, అప్పు ఉంది. ఆమె ముందు ఏజెంట్ విజిట్ వీసా పెడతాడు. దుబాయ్‌లో దింపి అక్కడి నుంచి మస్కట్‌కో కువైట్‌కో మళ్ళిస్తాడు. అలా వెళ్ళిన మనిషి పేరు మన ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ రికార్డుల్లోనే ఉండదు. రేపు చుట్టీ కాగితం దగ్గర గొడవ వస్తే ఏ ఒప్పందం చూపించి అడుగుతుంది?

ఎనిమిదితో చదువు ఎందుకు ఆగిందన్నది నా థీసిస్‌లో ఒక అధ్యాయం, ఇక్కడ పెట్టను. కొబ్బరి తోటల కింద సెంటు భూమి లేని ఇళ్ళు, 2011లో రైతులు క్రాప్ హాలిడే ప్రకటించి ఖరీఫ్ నాట్లు ఆపేస్తే కూలి మొత్తం ఆగిపోయిన ఇళ్ళు, చేపల చెరువులు, రొయ్యల చెరువులు వచ్చాక ఆడవాళ్ళ నాట్లు, కోతల పని మాయమైన ఇళ్ళు. ఆ ఇళ్ళ నుంచే ఎక్కువమంది విమానం ఎక్కారని మాత్రం చెప్పగలను.

ఇ.సి.ఆర్. నుంచి బయటపడే దారి ఒకటుంది, చాలామంది వాడుకోవడం లేదు. విదేశంలో మొత్తం మూడేళ్ళు ఉన్నవాళ్ళు, అది ఒకే విడతలో అయినా విడతలుగా అయినా, ఇ.సి.ఆర్. లేని పాస్‌పోర్టుకి అర్హులు. సెలవు మీద ఊరొచ్చినప్పుడు పాత వీసా ముద్రలు చూపించి పాస్‌పోర్టు మార్పించుకుంటే తర్వాతి ప్రయాణాలకి ఆ గీత ఉండదు.

రంగం పోయినవాళ్ళ కాగితాలు

ఎదుర్లంక వంతెన మీద నిలబడి యానాం వైపు చూస్తే, ఆ పక్కనే కోరంగి. గౌతమి పాయ ఒడ్డునున్న ఆ రేవు నుంచి మన తాతల తాతలు బర్మా వెళ్ళారు. ఎంతమంది వెళ్ళారంటే, బర్మాలో తెలుగు కూలీలకి 'కోరంగీలు' అనే పేరే స్థిరపడింది. బియ్యం మిల్లులు, రంగూన్ ఓడరేవు, పాకీ పని. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీల మీద దాడులు జరిగాయి. 1937లో బర్మా ఇండియా నుంచి విడిపోయింది. బాక్స్టర్ నివేదిక తర్వాత 1941లో కుదిరిన వలస ఒప్పందంలో పర్మిట్లని తరగతులుగా విడదీశారు. కూలికి పోయేవాడికి గడువున్న పర్మిట్. అది పూర్తిగా అమలయ్యేలోపే యుద్ధం వచ్చి, 1942లో లక్షల మంది అడవుల వెంట నడిచి వచ్చారు. 1947లో బర్మా తెచ్చిన అత్యవసర వలస చట్టంతో వీసా ఉన్న పాస్‌పోర్టో వలస అనుమతో లేకుండా ఆ గడ్డ మీద అడుగుపెట్టే వీలు లేకుండా పోయింది. అప్పటిదాకా కోతలకి ఊరొచ్చి నాట్లు అయ్యాక రంగం పోయిన మనిషికి, మొదటిసారి, ఊరికి రావడమే ప్రమాదంగా మారింది. 1960లలో వచ్చేసిన వాళ్ళ గుర్తుగా విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంప్ అన్న పేరు ఇప్పటికీ ఉంది.

మా తాతకి ఆ అక్షరాలు చదవడం రాదు. మన అత్తకీ ఈ అక్షరాలు రావు.

సిగ్నల్ లేని రెండు వారాలు

గడువు ఉన్న కాగితం చేతిలో పెట్టుకుని ఊళ్ళో ఉన్నప్పుడు ఊరు ఎలా ఉందన్నది కూడా లెక్కలోకి వస్తుంది. 2020లో విమానాలు ఆగిపోయాయి. సౌదీ ప్రభుత్వం బయట చిక్కుకున్నవారి అకామాలనీ రీఎంట్రీ వీసాలనీ ఉచితంగా, పలుమార్లు పొడిగించింది. ఆ మేలు చాలామందిని నిలబెట్టింది. నిలబడనివాళ్ళూ ఉన్నారు. కాగితం బతికే ఉంది, అవతల ఉద్యోగం లేదు.

2022 మే 24 సంగతి అందరికీ తెలుసు. జిల్లాకి బాబాసాహెబ్ అంబేడ్కర్ పేరు పెట్టొద్దని అమలాపురంలో ఇళ్ళు తగలబెట్టారు. మా నియోజకవర్గం ముమ్మిడివరం ఎమ్మెల్యే ఇల్లు, మంత్రి పినిపే విశ్వరూప్ ఇల్లు కాలాయి. ఆ తర్వాత కోనసీమలో దాదాపు రెండు వారాలు ఇంటర్నెట్ ఆపేశారు. దాని గురించి రాసినవాళ్ళు ఇంటి నుంచి పని చేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల కష్టాలు రాశారు, న్యాయమే. చుట్టీ మీద వచ్చి, గడువు పొడిగించమని కువైట్‌లో బాబాకి వాట్సాప్ పెట్టాల్సిన మనిషి గురించి ఎవరూ రాయలేదు. మా పేట నుంచి ఒకాయన రోజూ సాయంత్రం వంతెన దాటి యానాం వెళ్ళి, అక్కడ సిగ్నల్ అందుకుని వాయిస్ మెసేజ్ పెట్టి, జవాబు కోసం టీ బంకు దగ్గర కూర్చుని, చీకటి పడ్డాక వచ్చేవాడు. యానాం పుదుచ్చేరిది కాబట్టి అక్కడ నెట్ ఉంది. అంబేడ్కర్ పేరు మీద జరిగిన గొడవకి ఒక దళితుడి అకామా గడువు కూడా మూల్యంగా పోతుందేమోనని ఆ రోజుల్లో నాకు ఊపిరాడలేదు. ఆయన జవాబు అందుకున్నాడు, వెళ్ళాడు. అందరికీ యానాం అంత దగ్గర కాదు.

ఏ హక్కు కింద అడగాలి?

మానవ హక్కుల సార్వత్రిక ప్రకటన 13వ అధికరణం ఎవరికైనా ఏ దేశాన్నైనా విడిచి వెళ్ళే హక్కు, తన దేశానికి తిరిగి వచ్చే హక్కు ఉన్నాయంటుంది. మన సుప్రీంకోర్టు 1967లో సత్వంత్ సింగ్ సాహ్నీ కేసులో, 1978లో మేనకా గాంధీ కేసులో విదేశీ ప్రయాణాన్ని 21వ అధికరణంలోని వ్యక్తి స్వేచ్ఛలో భాగంగా చూసింది. ఇరవై ఏళ్ళు పని చేసిన పరాయి దేశానికి తిరిగి వెళ్ళే హక్కు మాత్రం వీటిలో లేదు. దానికి దగ్గరగా వచ్చే మాట ఒకే చోట కనిపిస్తుంది. 1990 నాటి వలస కార్మికుల అంతర్జాతీయ ఒడంబడిక 38వ అధికరణం. కార్మికులు తాత్కాలికంగా దేశం బయటికి వెళ్ళినా వారి నివాస, ఉద్యోగ అనుమతులకి భంగం కలగకుండా చూసేందుకు ప్రభుత్వాలు అన్ని ప్రయత్నాలూ చేయాలని, కార్మికుడి సొంత దేశంలోని అవసరాలని లెక్కలోకి తీసుకోవాలని అది చెబుతుంది. తల్లి చావు అలాంటి అవసరమే. గల్ఫ్ దేశాలేవీ ఆ ఒడంబడికని ఆమోదించలేదు. ఇండియా కూడా ఆమోదించలేదు. మన సంఘాల డిమాండ్ల పత్రాల్లో ఇది ఎప్పుడూ ఉండదు. ఎందుకు ఉండదని మనల్ని మనం అడగాలి.

బయలుదేరేముందు

ఫోన్‌లో చెప్పగలిగినంత సరళంగా రాస్తున్నాను, అవతల ఉన్నవాళ్ళకి ఇలాగే చెప్పండి. టికెట్ చేతికొచ్చేలోపే వీసా ఫొటో తీసి ఊరికి పంపమనండి. సెలవు వీసా అయితే 'వ ఔదా' అన్న మాటతో పాటు తిరిగి రావాల్సిన తేదీయో రోజుల సంఖ్యో ఉంటుంది. 'నిహాయీ' అని ఉంటే ఇక ఏ మాటా నమ్మనక్కర్లేదు. సౌదీ వీసా అయితే ముఖీమ్ సైట్‌లో వీసా చెల్లుబాటు చూసే చోట వివరాలు కొట్టి ఎవరైనా చూడొచ్చు, పాస్‌వర్డ్ అక్కర్లేదు. కువైట్ అయితే సివిల్ ఐడి మీద నివాస అనుమతి ఎప్పటిదాకా ఉందో చూడాలి. సెలవులో ఉన్నన్నాళ్ళూ పది రోజులకోసారి మళ్ళీ చూస్తూ ఉండాలి, ఎందుకంటే మనిషి ఊళ్ళో ఉండగానే అవతల రద్దు చేసేవాళ్ళున్నారు.

అకామా, బతాకా, పని ఒప్పందం, జీతం పడిన బ్యాంకు కాగితం, పాస్‌పోర్టు ప్రతి పేజీ, అన్నిటి ఫొటోలూ ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లో ఉండాలి. రావాల్సిన జీతం బకాయి ఉంటే ఊరొచ్చాక అడుగుదామనుకోవద్దు. నిహాయీ ముద్ర పడి దేశం దాటాక ఆ బకాయి వసూలు కావడం చాలా కష్టం. కఫీల్ ఇచ్చే అరబ్బీ కాగితాల మీద చదవకుండా వేలిముద్ర వేయొద్దని చెప్పండి. 'జీతం మొత్తం ముట్టింది' అని దాంట్లో ఉండవచ్చు. ప్రవాసీ భారతీయ బీమా గడువు తీరిందేమో చూసుకోవాలి. రెండేళ్ళకి 275, మూడేళ్ళకి 375 రూపాయల ప్రీమియంతో పది లక్షల బీమా అది. గొడవ వస్తే విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేసి నంబరు తీసుకోవాలి. ఎంబసీకి చేసే ఫోన్ కాల్‌కి ఆధారం ఉండదు, ఆ నంబరుకి ఉంటుంది. ఫిర్యాదు ఊళ్ళో ఉన్న బంధువు కూడా పెట్టొచ్చు. సొంత ఫోన్ లేని మనిషి తరఫున మనం చేయగలిగింది ఇదే.

మన అత్త విషయంలో అయిదు నెలల జీతం బకాయి. మదద్‌లో పెట్టాం. ఆమె దగ్గర ఒప్పందం లేదు. అకామా ఫొటో, సార్ ఫోన్ తెర ఫొటో, డబ్బు పంపిన రసీదులు ఉన్నాయి. కొన్ని నెలల తర్వాత రెండు నెలల జీతం ఆమె ఖాతాలో పడింది. మిగతా మూడు నెలలదీ ఇంకా నడుస్తోంది. పోయిన వారం ఆమె కూతురు ఓపెన్ స్కూల్‌లో పదో తరగతికి ఫీజు కట్టింది.